నాయన గడ్డానికో కొత్త రేజర్

బ్లేడంటే గడ్డానికే అనుకుంటాం గానీ, తెలుగిళ్లలో అది చేయని పనేముంది! పిల్లల పెన్సిలు చెక్కాలన్నా, రవికె కుట్లు విప్పాలన్నా, తాతయ్య గోళ్లు తీసుకోవాలన్నా గూట్లో కాగితం పొట్లంలో ఉన్న టోపాజో, భారత్ బ్లేడో బయటికి రావాల్సిందే. ఆ బ్లేడును బిగించుకునే ఇత్తడి షేవింగ్ సెట్టు మాత్రం ఎప్పుడో మూలపడింది. రెండు బ్లేళ్లవనీ మూడు బ్లేళ్లవనీ రంగురంగుల రేజర్లు వచ్చాక దాన్ని తలచుకునేవాళ్లే తగ్గిపోయారు.

అలాంటిది కర్నూలు జిల్లా ఆలూరులో విత్తనాలు, ఎరువుల అంగడి నడుపుకునే ఓ నలభై ఏళ్ల మనిషి మళ్లీ ఆ పాత పద్ధతి రేజరే కొన్నాడు. పాతవాటి మీద మోజుతో కాదు. ఇంట్లో ఉన్న డెబ్భై ఎనిమిదేళ్ల నాయన కోసం.

ఆ పెద్దాయన ఆదోనిలోని ఓ జిన్నింగు మిల్లులో ముప్ఫై ఏళ్లకు పైగా లెక్కలు రాశాడు. తెల్లారకముందే లేచి, దీపం వెలుగులో అద్దం పెట్టుకుని, గడ్డం నున్నగా గీసుకుని మొదటి బస్సెక్కేవాడు. ‘మాసిన గడ్డంతో పోతే లెక్క సరిగ్గా ఉన్నా నమ్మరు’ అనేవాడు. రెండేళ్ల నుంచి చేతులు వణుకుతున్నాయి. గ్లాసు పట్టుకుంటేనే నీళ్లు తొణుకుతుంటే ఇక రేజరేం పట్టుకుంటాడు? సెలూన్ దాకా నడవలేడు. ఎవరో ఒకరు పదిహేను రోజులకోసారి బండి మీద తీసుకెళ్లడం, లేదంటే అదీ లేదు. మెల్లగా అరుగు మీద కూర్చోవడం మానేశాడు. ఎవరైనా పలకరించడానికి వస్తే తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుంటున్నాడు. ఎందుకలా చేస్తున్నాడో కొడుక్కి అర్థం కావడానికి చాన్నాళ్లు పట్టింది.

ఓ ఆదివారం తన మూడు బ్లేళ్ల రేజర్‌తో తనే గీద్దామని కూర్చున్నాడు. రెండు గీతలు గీశాడో లేదో, పది రోజుల తెల్లగడ్డం నురగతో కలిసి బ్లేళ్ల మధ్య ఇరుక్కుపోయింది. కడిగినా వదల్లేదు. మూడో గీతకు వెంట్రుకలు తెగకుండా పీక్కొచ్చాయి. పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘సాలు లేప్పా’ అని తువ్వాలుతో సగం గడ్డం తుడుచుకుని అటు తిరిగి పడుకున్నాడు.

‘పెరిగిన గడ్డానికి ఒంటి బ్లేడే మేలన్నా. వెంట్రుక తెగి పక్కకు పోతాది’ అని చెప్పింది సెలూన్ అతనే. పాత సెట్టు వెతికితే దొరికింది గానీ మర అరిగిపోయి బ్లేడు నిలవడం లేదు. అందుకే బళ్లారి వెళ్లినప్పుడు కొత్తది కొనుక్కొచ్చాడు.

51 రేజర్లతో మొదలు

ఇంతకీ ఈ రేజర్ పుట్టిందే ‘గడ్డానికి ఇంకొకరి చెయ్యి అక్కర్లేదు’ అని చెప్పడానికి. అంతకుముందు గడ్డమంటే మడత కత్తి. దాన్ని రాయి మీద నూరాలి, తోలు పట్టీ మీద సానబెట్టాలి, చెయ్యి తిరిగినవాడే పట్టాలి. మన పల్లెల్లో ఆయగాళ్ల కాలంలో క్షురకుడే ఇంటికొచ్చి అరుగు మీద గడ్డం చేసేవాడు. సుగ్గిలో కళ్లం దగ్గర గింజలు కొలిచి ఇచ్చేవారు. ఆ వైభోగమూ అందరికీ లేదు. అంటరానితనం పేరుతో కొన్ని వాడలకు ఆ సేవ అందేదే కాదు. అలా నిరాకరించడం నేరమని చట్టం చెప్పింది 1955లో.

అమెరికాలో సీసా మూతలు అమ్మే కంపెనీలో సేల్స్‌మన్‌గా పనిచేసిన కింగ్ క్యాంప్ జిల్లెట్‌కు 1895లో ఓ ఆలోచన వచ్చింది. నూరే పనే లేకుండా, మొద్దుబారగానే పారేసే పల్చటి ఉక్కురేకు ఉంటే ఎలా ఉంటుందని. అంత పల్చటి ఉక్కుకు పదును నిలవదన్నారు తెలిసినవాళ్లు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు తోడయ్యాక గానీ పని జరగలేదు. 1903లో, అమ్మకాల మొదటి ఏడాది, పోయిన రేజర్లు 51. మరుసటి ఏడాది ఆ లెక్క 90 వేలు దాటింది. 1904 నవంబరు 15న పేటెంటు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం 35 లక్షల రేజర్లు, 3 కోట్ల 20 లక్షల బ్లేళ్లు కొన్నారట. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లతోపాటు ఎవరి గడ్డం వాళ్లు గీసుకునే అలవాటూ ఇళ్లకొచ్చింది.

బ్లేడు మధ్యలో ఉండే ఆ పొడవాటి చిల్లును గమనించారా? 1930 ప్రాంతంలో స్థిరపడిన ఆకారమది. దాదాపు అన్ని కంపెనీలూ దాన్నే పాటించాయి. అందుకే తాతల నాటి సెట్టులో నేటి బ్లేడు పడుతుంది, నేటి సెట్టులో ఏ అంగట్లో బ్లేడైనా పడుతుంది. అన్నట్టు, ఈ బ్లేడు మన దగ్గర ఇంకా నిలిచి ఉందంటే అందులో సెలూన్ల పుణ్యం చాలా ఉంది. ఎయిడ్స్ భయం పెరిగాక క్షురకులు మడత కత్తి పక్కనపెట్టి, బ్లేడును పొట్లంలోనే సగానికి విరిచి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క వాడటం మొదలుపెట్టారు. ఇంట్లోంచి వెళ్లిపోయిన బ్లేడు సెలూన్లో బతికిందన్నమాట.

దేవరగట్టు మొగం

కొత్త రేజర్‌ను నేరుగా నాయన గడ్డం మీద పెట్టే ధైర్యం లేక ముందు తన మీదే ప్రయోగం చేసుకున్నాడు కొడుకు. ప్లాస్టిక్ రేజర్ తల అటూ ఇటూ ఊగుతూ చెంప వంపుకు తగ్గట్టు తనే సర్దుకుంటుంది. ఇది సర్దుకోదు. చేతికి అలవాటైన నొక్కుడు నొక్కితే కోసేస్తుంది. మొదటిరోజే గడ్డం కింద మూడుచోట్ల, పెదవి పక్కన ఒకచోట రక్తం. పటిక రాయి రుద్దుకుని, పేపరు ముక్కలు అంటించుకుని బయటికొస్తే భార్య పకపకా నవ్వింది. ‘అంగడికి పోతాండారా... దేవరగట్టుకు పోయొచ్చినారా?’ అంది. దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరం తెలిసిన ఊరు కదా, ఇంక ఆ మాట వీధంతా తిరిగింది.

చూసి చూసి మంచంలోంచి పెద్దాయనే నోరు విప్పాడు.

‘యాల అదుముతావు? బరువు దానికే ఉండాది గదా. నువ్వు ఊరికే పట్టుకో.’

అక్కడి నుంచి రోజూ పొద్దున్నే పాఠమే. బ్లేడు బిగించేటప్పుడు పొట్టివైపు అంచులే పట్టుకోవాలి. ముందు గోరువెచ్చటి నీళ్లతో గడ్డం నానబెట్టాలి. కుంచెతో నురగ గుండ్రంగా తిప్పి వెంట్రుకల్ని లేపాలి. రేజర్ పిడిని చెంపకు దూరంగా ఏటవాలుగా, సుమారు 30 డిగ్రీల కోణంలో పెట్టాలి. గీత అంగుళం దాటకూడదు. రెండో చేత్తో చర్మాన్ని సాగదీసి పట్టుకోవాలి. మొదటిసారి వెంట్రుక వాలుకే గీయాలి. మెడ కింద ఆ వాలు మారుతుంది, వేళ్లతో తడిమి చూసుకోవాలి. ఎదురు గీయాలన్న ఆశ మొదట్లో వద్దే వద్దు.

మిల్లీమీటరులో పదో వంతు మందం ఉన్న రేకును రెండు పలకల మధ్య వంచి బిగిస్తే అది కదలకుండా నిలబడుతుంది. అందుకే బలం అక్కర్లేదు. పెద్దాయనకు ఈ వివరం తెలియకపోవచ్చు. ఆయన చెయ్యికి మాత్రం తెలుసు. మూడో వారానికి కొడుకు ముఖాన పేపరు ముక్కలు పోయాయి.

చెంబు నీళ్లు చాలు

ఆలూరులో నీళ్లకు లెక్క ఉంటుంది. మూడు బ్లేళ్ల రేజర్ సందుల్లో ఇరుక్కున్నది పోవాలంటే కుళాయి కింద పట్టాలి. ఒంటి బ్లేడైతే చెంబులో ముంచి రెండుసార్లు ఆడిస్తే శుభ్రం. కాకపోతే బోరు నీళ్లకు సబ్బు నురగ రాదు. దానికీ పెద్దాయన దగ్గర ఉపాయం ఉంది. కుళాయి నీళ్లు ఓ గ్లాసు విడిగా పెట్టుకుని నురగకు అవే వాడటం. ఖర్చు సంగతి చెప్పక్కర్లేదు. మూడు బ్లేళ్ల తల ఒక్కటి వంద పైమాటే అయితే, ఈ బ్లేడు కొన్ని రూపాయలే.

నాలుగో ఆదివారం నాయనను అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టాడు. వేడినీళ్లలో ముంచిన తువ్వాలు గడ్డం మీద కాసేపు ఉంచాడు. నురగ పట్టించాడు. ముసలి చర్మం ముడతలు పడి జారుతుంటుంది. వేళ్లతో సాగదీసి పట్టుకుంటే గానీ బ్లేడు ఆనదు. అప్పుడు తెలిసింది... ఊహ తెలిశాక నాయన ముఖాన్ని తను తాకడం ఇదే మొదటిసారని. చిన్నప్పుడు తన ముక్కు తుడిచిన చేతులు ఒళ్లో వణుకుతున్నాయి. కంఠమణి దగ్గరికొచ్చేసరికి తన చెయ్యీ ఆగింది.

‘నిదానంగా కానీ. నేను యాడికీ పోను’ అన్నాడు పెద్దాయన కళ్లు మూసుకునే.

ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఒక్క గాటూ పడలేదు. పెద్దాయన అద్దం అడిగాడు. ఆ పక్కా ఈ పక్కా తిప్పి చూసుకుని, చెవి కింద వదిలేసిన నాలుగు వెంట్రుకలు చూపించాడు. అవి కూడా తీయించుకున్నాకే తువ్వాలు అందుకున్నాడు. ఆ పూట ఎదురింటాయన వచ్చి కూర్చుంటే చీకటి పడేదాకా అరుగు దిగలేదు.

ఇది చదివి ఇంట్లో పెద్దవాళ్లకు చేద్దామనుకుంటే ఓ మాట. రక్తం పలచబడే మందులు వాడేవారికి చిన్న గాటైనా రక్తం తొందరగా ఆగదు. మధుమేహం ఉన్నవారికి గాయం మానడం ఆలస్యం కావచ్చు. అలాంటివారికి కరెంటు షేవరే క్షేమం. డాక్టర్ను అడిగే ముందుకెళ్లాలి. వాడేసిన బ్లేళ్లను చెత్తలో వేస్తే అది ఎత్తేవాళ్ల చేతులు తెగుతాయి.

ఆలూరు ఇంట్లో అందుకోసం పాత పౌడరు డబ్బాకు సన్నటి చీలిక పెట్టారు. వారానికి రెండుసార్లు, ఆదివారం, బుధవారం గడ్డం. మంగళ, శుక్రవారాల్లో పెద్దాయన ముట్టనివ్వడు. లెక్క ఆయనదే. చెయ్యి వణుకుతుంది కాబట్టి రాసేది మనవరాలు. ఆ అమ్మాయి నోటుపుస్తకం చివరి పేజీలో ఒక్కో గడ్డానికి ఒక్కో గీత. ఆరో గీత పడగానే ‘బ్లేడు మార్చమని చెప్పు మీ నాయనకు’ అంటాడు.