పాములు పట్టే దొర

ఎత్తిపోతల వెళ్తే మనం జలపాతం ముందు సెల్ఫీ దిగి, కింద మడుగులో మొసళ్లు ఉన్నాయంట అని కాసేపు తొంగి చూసి సాగర్ వెళ్లిపోతాం. అక్కడ మొసళ్ల పెంపక కేంద్రం ఎందుకుందో ఎవరూ అడగరు. 1970ల నాటికి తోలు కోసం వేటాడీ, గుడ్లు ఎత్తుకెళ్లీ దేశంలో మొసళ్లని దాదాపు ఖాళీ చేసేశారు. 1975లో కేంద్రం వాటి కోసం ఒక పథకం మొదలుపెట్టింది. మరుసటేడు మద్రాసు దగ్గర, మహాబలిపురం రోడ్డులో ఒక తెల్లాయన సొంతంగా ‘క్రొకడైల్ బ్యాంక్’ పెట్టాడు. పేరుకి తగ్గట్టే బ్యాంకు. అడవిలో మొసళ్లు అయిపోతే ఇక్కడి నిల్వ నుంచి డ్రా చేసుకోవచ్చని లెక్క. తర్వాత అక్కడ మొసళ్లు ఎంతగా పెరిగాయంటే, వదలడానికి చోటు దొరకడమే సమస్య అయింది!

ఆయన పేరు రోములస్ విటేకర్. పుట్టింది 1943లో న్యూయార్క్‌లో. తల్లి రెండో పెళ్లి చేసుకున్న రామా చటోపాధ్యాయ మన హైదరాబాద్ సరోజినీ నాయుడుకి స్వయానా మేనల్లుడు. అలా ఎనిమిదేళ్లప్పుడు ఇండియా వచ్చి, కొడైకెనాల్ స్కూల్లో చదివాడు. డిగ్రీకి అమెరికా వెళ్లాడు గానీ పూర్తి చేయలేదు. మన భాషలో చెప్పాలంటే డిటైన్ అవ్వలేదు, తనే మానేశాడు. మానేసి ఫ్లోరిడాలో బిల్ హాస్ట్ అనే ఆయన పాముల పార్కులో పనికి కుదిరాడు. అక్కడ జనం టికెట్ కొని పాముల్ని చూస్తారు. అవే పాముల నుంచి తీసిన విషం పరిశోధనకి వెళ్తుంది. విటేకర్ జీవితంలో తర్వాత జరిగినదానికి మూలం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

1967లో తిరిగొచ్చి, 1969లో మద్రాసు శివారు సేలైయూరులో చిన్న పాముల పార్కు తెరిచాడు. 1972లో అది గిండీకి మారింది. ఇంటర్నెట్‌లో వెతికితే ఆయన త్రాచుని పట్టుకున్న ఫోటోలే ముందు కనిపిస్తాయి. నాకు మాత్రం ఆ ఫోటోల కంటే ఆయన పక్కన నిలబడిన ఇరుళ్ల కథ ముఖ్యం. ఇరుళ్లు చెంగల్పట్టు వైపు గిరిజనులు. మన యానాదులు పొలం గట్ల మీద ఎలకల్ని పట్టినట్టే, వాళ్లు ఎలకలనీ పాములనీ పడతారు. దుమ్ములో జాడ చూసి ఏ పాము ఎటు పోయిందో చెప్పేస్తారు. ఆ విద్య ఏ సిలబస్‌లోనూ లేదు. విటేకర్‌కి అసలు గురువులు వాళ్లే.

అప్పట్లో వాళ్ల బతుకుతెరువు తోళ్ల వ్యాపారం. పాముని చంపి తోలు అమ్మితే నాలుగు డబ్బులొచ్చేవి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, ఆ తర్వాత తోళ్ల ఎగుమతి కూడా ఆగింది. పాములకి మంచిదే. మరి ఇరుళ్ల పొయ్యి ఎలా వెలగాలి? పర్యావరణం గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది ఈ ప్రశ్న దగ్గరికి రారు. విటేకర్ వచ్చాడు. 1978లో ఇరుళ్లతో సహకార సంఘం రిజిస్టర్ చేయించారు. వాళ్లు పాముని ప్రాణంతో పట్టి తెస్తారు. మూడు నాలుగు వారాలు కుండలో ఉంచి, కొన్నిసార్లు విషం తీసి, పొట్ట పొలుసు మీద గుర్తు పెట్టి మళ్లీ వదిలేస్తారు. ఆ గుర్తు వల్ల అదే పాము వెంటనే మళ్లీ దొరికినా తెలిసిపోతుంది. ఈ విషాన్ని మందు కంపెనీలు కొంటాయి. కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు ఇంజెక్షన్ తయారు చేస్తాయి. ఈ సంఘం ఉండేది క్రొకడైల్ బ్యాంక్ ఆవరణలోనే.

ఇదంతా మనకెందుకంటారా? మా పల్నాడులో పత్తి, మిరప చేలల్లో తిరిగేవాళ్లని అడగండి. రాత్రి మోటారు వేయడానికి టార్చి లేకుండా వెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు. త్రాచు, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర, ఈ నాలుగింటి విషానికీ కలిపి మన ఆసుపత్రుల్లో ఇచ్చేది ఒకటే ఇంజెక్షన్. (రక్తపింజరని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అంటారు. ఆ రస్సెల్ విశాఖపట్నంలో పనిచేసిన డాక్టర్. 1796 నాటి తన పుస్తకంలో దాని తెలుగు పేరు ‘కాటుక రేకుల పొడ’ అని రాసుకున్నాడు. ఎంత మంచి పేరు, ఎలా పోగొట్టుకున్నామో!)

2020లో వచ్చిన ఒక అధ్యయనం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని లెక్కగట్టింది. అంటే ఏడాదికి సుమారు 58 వేల మంది. చావులు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ పేపరు రాసినవాళ్లలో డిగ్రీ మధ్యలో మానేసిన విటేకర్ కూడా ఉన్నాడు. ఆయన ఎప్పటి నుంచో చెప్తున్న ఇంకో సమస్య ఉంది. ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. విరుగుడుకి వాడే విషం ఎక్కువగా తమిళనాడు పాములది. మరి మాచర్ల నాపరాళ్ల సందుల్లో ఉండే పింజరకి అది ఎంతవరకు పనిచేస్తుంది? మన దగ్గర బయోటెక్ బ్రాంచి వాళ్లున్నారు కదా, వాళ్లని అడగాలని ఉంది.

విటేకర్‌కి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. అంతకు ముందు ఏడాది ఇద్దరు ఇరుళ్లు, వడివేల్ గోపాల్, మాసి సడైయన్, అమెరికా వెళ్లారు. ఫ్లోరిడా అడవుల్ని పాడుచేస్తున్న కొండచిలువల్ని అక్కడివాళ్లు పట్టలేకపోతుంటే, వీళ్లు మొదటి రెండు వారాల్లోపే 13 పట్టారు. 2023లో ఆ ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది.