ఇంజను కొడుతోందా? స్పేనరు పక్కన పెట్టి ఇలా రండి

ఏవండోయ్, పాత లారీ ఉన్నవాళ్లూ! ఒక్కసారి ఇలా రండి. కొత్త బళ్లవాళ్లూ రావచ్చు, కాదనను. కానీ మీకీ సరదా ఏం తెలుస్తుందండీ? మీ బండికి ఒంట్లో బాగోకపోతే ఎర్ర లైటు వెలుగుతుంది, కుర్రాడొచ్చి కంప్యూటరు తగిలిస్తాడు, అయిపోయింది. పాత బండి అలాక్కాదు. తనకేమైందో తనే చెబుతుంది. వినే ఓపిక మనకుండాలి.

రావులపాలెం అరటి గెలలు, అంబాజీపేట కొబ్బరికాయలు, కడియం మొక్కలు, మండపేట బియ్యం... వీటన్నిటినీ ఊళ్లు దాటించింది ఈ లారీలే కదా. 1954లో టాటాల కంపెనీ టెల్కో వాళ్లు జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో చేతులు కలిపి లారీలు మొదలుపెట్టారు. 1969లో ఆ ఒప్పందం అయిపోయాక మూతి మీద బెంజ్ నక్షత్రం పోయి ‘టి’ అక్షరం వచ్చింది. పెద్దవాళ్లు ఇప్పటికీ ‘టాటా బెంజి’ అనే అంటారు, విన్నారా? అంత మర్యాద ఏ బండికి దక్కిందండీ? వయసు మీదపడ్డాక ఇప్పుడు ఇసుకకీ, ఊకకీ, ఇటుకలకీ తిరుగుతున్నాయి పాపం. పని మాత్రం మానలేదు.

సరే, చప్పుడు సంగతికొద్దాం. ‘ఇంజను కొడుతోందండీ’ అంటే సరిపోతుందా? ఎలా కొడుతోంది? అది చెప్పాలి. పైన హెడ్డు దగ్గర టిక్ టిక్ టిక్ అని సన్నగా వినిపిస్తే టేపెట్లు. ఇంజను రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టే తిరుగుతుంది కాబట్టి ఆ చప్పుడు తీరుబడిగా వస్తుంది. గ్యాపు సరిచేస్తే పోతుంది, నిద్ర పాడుచేసుకోకండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు డబ డబ మని, వేడెక్కాక సద్దుమణిగితే పిస్టను లైనర్లో అటూ ఇటూ ఆడుతోందన్నమాట. అరిగిన బండే, ఇంకొన్నాళ్లు లాగుతుంది. ఖణేల్ ఖణేల్ మని ఇనుము మీద సుత్తి పడ్డట్టుంటే నాజిల్ మీద అనుమానం. లోపలెక్కడో కడుపులోంచి దబ్... దబ్... మంటూ, ఏక్సిలేటరు తొక్కి వదిలినప్పుడు ఎక్కువైందా? అయ్యబాబోయ్, అది కనెక్టింగ్ రాడ్డు బేరింగు. అప్పుడు మాత్రం టీ కూడా పక్కన పెట్టి లేవండి.

ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవడం ఉంది చూశారూ, ఆ ముచ్చటే వేరు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను బాడీకి ఆనించి, పిడి చెవి దగ్గరి ఎముకకి నొక్కిపెట్టండి. లుంగీ ఎగ్గట్టి, కండువా తీసేసి, ఫ్యాను బెల్టుకి దూరంగానే సుమండీ! ఒక్కో సిలిండరు దగ్గరా ఆగుతూ నెమ్మదిగా జరగండి. ఇదిగో ఇక్కడ మామూలు, ఇక్కడా మామూలే, మూడో దాని దగ్గరికొచ్చేసరికి మీ దవడ ఎముకలోకే వచ్చి కొడుతుంది. అది ఒక్కసారి దొరికిందా, ఆ పూట భోజనం రుచే వేరు.

ఇంకో పరీక్ష ఉంది. ఇంజను ఐడిల్లో ఆడుతుండగా నాజిల్ పైపు నట్టు ఒక్కొక్కటీ కాస్త వదులు చేసి, మళ్లీ బిగించుకుంటూ పోవాలి. వదులు చేసినప్పుడు ఆ సిలిండరు పని మానేస్తుంది. దేని దగ్గర చప్పుడు ఆగిందో, తగ్గిందో, దొంగ అక్కడున్నాడు. ఆ నాజిల్ తీసి పక్క సిలిండరుకి మార్చి చూడండి. చప్పుడు దాంతోపాటు పక్కకెళ్తే నాజిల్‌దే తప్పు. అక్కడే ఉండిపోతే కిందకి దిగాల్సిందే. డీజిల్ చిమ్మేచోట చెయ్యి పెట్టకండి, చర్మంలోకి దూసుకుపోయేంత ప్రెషరు అది. గుడ్డ చుట్టుకోండి, కళ్లు కాపాడుకోండి.

ఇక ఆయిలు ప్రెషరు గేజీ. సన్న గొట్టం గేజీ ఉన్న బండైతే దాన్ని కాస్త ప్రేమగా చూడండి. లోపల వంపు తిరిగిన గొట్టం ఒకటి ప్రెషరుకి సాగుతుంది, ముల్లు కదులుతుంది. బోర్డాన్ అనే ఫ్రెంచాయన 1849లో దానికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి మన ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పని నడుస్తోంది. 1847లో మొదలై 1852లో పూర్తయింది కదా! నీళ్లకి ఆనకట్టా, నూనెకి ఆ ముల్లూ ఒకే కాలం సరుకులన్నమాట. ఆ పాత ఆనకట్ట స్థానంలో తర్వాత కొత్త బ్యారేజీ వచ్చింది, ఈ ముల్లు మాత్రం ఇవాళ్టికీ పనిచేస్తోంది.

ఐడిల్లో ముల్లు కిందకి దిగగానే గుండె బాదుకునేవాళ్లున్నారు. అక్కర్లేదండీ. చల్లటి ఆయిలు చిక్కగా ఉంటుంది కాబట్టి పొద్దున్న ముల్లు పైకెక్కి కూర్చుంటుంది, వేడెక్కాక దిగుతుంది. వేడి మీద వెయ్యి చుట్లకి పది పౌన్లు, అంటే సుమారు 0.7 కిలో ఉంటే ఫరవాలేదని పాత లెక్క. అయినా తగ్గినట్టనిపిస్తే ముందు గేజీనే అనుమానించండి. ఇంకో గేజీ తెచ్చి బ్లాకుకి తగిలించి చూస్తే నిజం తేలిపోతుంది.

దానికన్నా ముందు ఆయిలు కొలిచే పుల్ల తీసి చూశారా? కాలవ గట్టు మీద ఓ పక్కకి ఒరిగి నిలబడ్డ బండిలో పుల్ల ఎప్పుడూ నిజం చెప్పదు. చదునుగా ఉన్నచోటికి తెచ్చి, కాసేపాగి చూడండి. ఆయిలు తగ్గితే పొయ్యండి. పెరిగిందా? ‘మా బండి ఆయిలే తాగదండీ’ అని సంబరపడకండి మహానుభావా! వాసన చూడండి. డీజిల్ కంపు కొడితే నాజిలో, పంపో కారి ఆయిలుని పల్చన చేసేస్తోంది. పల్చనైతే ప్రెషరెక్కడ నిలుస్తుంది? చిక్కటి పాల టీలా కనిపిస్తే నీళ్లు కలిశాయి. ఈ రెంటికీ ముందు కారడం ఆపి, తర్వాతే ఆయిలు మార్చాలి.

అవేవీ కాకపోతే ఫిల్టరు విప్పి, మడతలు విడదీసి ఎండలో పట్టుకోండి. మసి ఉంటే ఉండనివ్వండి. రాగి రంగు మెరుపు కనిపించిందో, బేరింగు పై పూత పోయి లోపలి పొర అరుగుతోంది. ఆయిలు ఛాంబరు దించి స్ట్రెయినరు పూడిందా, రిలీఫ్ వాల్వు తెరుచుకుని బిగుసుకుపోయిందా చూడాలి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

అసలు కథ ఇక్కడుంది. క్రాంకుకీ బేరింగుకీ మధ్య ఖాళీ కొత్తలో మిల్లీమీటరులో పదో వంతు లోపే. అందులో ఆయిలు పొర నిలబడి క్రాంకుని మోస్తుంది. బేరింగు అరిగితే ఆ ఖాళీలోంచి ఆయిలు జారిపోతుంది, ముల్లు పడుతుంది. అదే ఖాళీలో రాడ్డు ఆడుతుంది, దబ్ దబ్ మంటుంది. అందుకే చెవినీ ముల్లునీ కలిపి చూడమని పోరేది. చప్పుడుండి ముల్లు బాగుంటే పైన వెతకండి. రెండూ చెడితే కింద. కొందరు చిక్కటి ఆయిలు పోసి ముల్లు లేపేసి ‘బాగైపోయిందండీ’ అంటారే, వాళ్ల మీద నాకు భలే కోపం! ముల్లు లేస్తుంది, అరుగుదల ఆగదు.

మన గోదావరిలో బేరింగుల్ని చంపేది ఎక్కువగా ఇసుక ర్యాంపు. నిండు లోడుతో ఏటిలోంచి గట్టెక్కుతూ, పై గేరులోనే గుద్దులాడిస్తుంటారు. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే ఆయిలు పంపూ నెమ్మదే. ప్రెషరు తక్కువ, బరువు మాత్రం అప్పుడే ఎక్కువ. మారేడుమిల్లి ఘాటు ఎక్కేటప్పుడూ అంతే. ఒక గేరు దించండి బాబూ! కాస్త అరుస్తుంది, అరవనివ్వండి.

ముల్లు పడిపోయి, కింద దబ్ దబ్ మొదలైతే మాత్రం ‘ఊరు దగ్గరే కదా’ అనుకోవద్దు. అక్కడే స్టాపు కేబులు లాగేసి, ట్రాక్టరు కట్టి లాగించుకోండి. వెంటనే ఆపితే బేరింగులు మారిస్తే సరిపోవచ్చు, గీత పడినా క్రాంకు 0.25 మిల్లీమీటరు తగ్గించి సాన పట్టించుకుంటే కొత్త బేరింగులు కూర్చుంటాయి. ఇంకో పది కిలోమీటర్లు తోలితే రాడ్డు విరిగి బ్లాకు బద్దలు కొట్టుకుని బయటికొస్తుంది.