కారుకు ప్రార్థన చేయించే ముందు



"అయ్యగారూ, కారు కొన్నాము. వచ్చి ప్రార్థన చేయండి" అనే పిలుపు ఈ మధ్య కాలములో మా తడ సంఘములో తరచుగా వింటున్నాను. సంతోషముతో వెళ్తాము. ఒక పాట పాడి, వాక్యము చదివి, బండి మీద చెయ్యి ఉంచి దేవుని స్తుతిస్తాము. అయితే ఆ కార్లలో కొత్తవి బహు కొద్ది. ఎక్కువ భాగము చేతులు మారినవే. రొయ్యల గుంటల దగ్గర కాపలా కాసి, శ్రీసిటీ ఫ్యాక్టరీలలో రాత్రి షిఫ్టులు చేసి కూడబెట్టిన డబ్బు అది. చాలనప్పుడు ఇల్లాలి గాజులు బ్యాంకుకు పోతాయి. కాబట్టి అలాటి బండి చెడిపోతే ఇనుము ఒక్కటే చెడిపోదు. ఒక కుటుంబము కొన్ని యేండ్లు పడిన కష్టము నడిరోడ్డున ఆగిపోతుంది. అందుచేత ఈ సంగతిని గూర్చి నేను చూచినవి, సంఘస్థుల నోట విన్నవి కొన్ని మీ ముందు ఉంచుతున్నాను.

తడ సరిహద్దు ఊరు. 2022లో మేము తిరుపతి జిల్లాలో చేరినా మా మాట నెల్లూరి మాటే. ఒక ప్రక్క పులికాట్ సరస్సు, మరొక ప్రక్క చెన్నై – కలకత్తా జాతీయ రహదారి. ఆరంబాకం చేరితే తమిళనాడే. చెన్నై సుమారు 80 కిలోమీటర్లు. పాత కారు కావలసిన వారు మొదట చూచేది చెన్నై వైపే. అక్కడ బండ్లు ఎక్కువ, బేరము ఎక్కువ. మోసము కూడా ఎక్కువే.

ఏ కారు మంచిది అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క సాక్ష్యము చెప్తారు. మా పెద్దల తరము వారు ఇప్పటికీ అంబాసిడర్‌నే పొగడుతారు. ఏ ఊరి మెకానిక్ అయినా దానిని విప్పి బిగించగలడు. ఏడుగురు ఎక్కినా లాగేది. అయితే పెట్రోలు బాగా తాగేది, బ్రేకు మీద నిలబడి తొక్కవలసి వచ్చేది. 2014లో దాని తయారీ ఆగిపోయింది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 మధ్యతరగతి వారికి కారు అనే మాటను దగ్గర చేసింది. అది కూడా 2014 జనవరిలోనే ఆగిపోయింది. చిన్న ఇంజను, తక్కువ ఖర్చు, ఎక్కడైనా దొరికే సామాను – ఈ మూడే దాని బలము.

సువార్త దండులకు మారుతి ఓమ్ని వ్యాను చాలా కాలము సేవ చేసింది. మైకు సెట్టు, హార్మోనియము, డప్పు, వెనుక మనుషులు – అన్నీ అందులోనే. కానీ ఇంజను ముందు సీట్ల క్రిందనే ఉంటుంది. ముందు బానెట్టు లేదు కనుక ఎదురుగా ఏదైనా తగిలితే మొదటి దెబ్బ డ్రైవరు కాళ్లకే. దానిలో పన్నెండు మందిని కుక్కి "దేవుడే కాపాడుతాడు" అనుట విశ్వాసము కాదు, ప్రభువును శోధించుట. 2019లో దాని తయారీ కూడా ముగిసింది.

2000 నుండి 2005 వరకు మాత్రమే తయారైన టయోటా క్వాలిస్ బండ్లు ఆ తరువాత కూడా ఎన్నో యేండ్లు మా రహదారి మీద తిరిగాయి. నడిపినవారు ఇంజను గట్టితనమును మెచ్చుకొంటారు. అయితే గట్టి బండి అనే పేరున్నందున పాతదానికి కూడా ధర తగ్గదు. 1998లో వచ్చిన హ్యుందాయ్ శాంట్రో చెన్నై ప్రక్కన ఇరుంగాట్టుకోట్టైలోనే తయారైనది కనుక మా వైపు దాని సామానుకు కొరత రాలేదు. అదే సంవత్సరము ప్రజల ముందుకు వచ్చిన టాటా ఇండికా మీద మొదట్లో ఫిర్యాదులు వచ్చాయి. కంపెనీ వాటిని విని, దిద్దుకొని, 2001లో వి2 అనే పేరుతో మెరుగైన బండిని తెచ్చింది. తప్పును ఒప్పుకొని దిద్దుకొన్న వాడిని జనము మళ్లీ నమ్ముతారనుటకు అది మంచి ఉదాహరణ. ఆ తరువాత టాక్సీల వారికి స్విఫ్ట్ డిజైర్ డీజిల్ ఇష్టమైనది. మారుతి కంపెనీ 2020 ఏప్రిల్ నుండి డీజిల్ కార్లు మానివేసింది.

కంపెనీయే వెళ్లిపోతే ఏమిటన్నది కూడా ఆలోచించవలెను. దేవూ కంపెనీ మన దేశములో మూతపడిన తరువాత సియలో, మాటిజ్ కొన్నవారు సామాను కోసము తిరగవలసి వచ్చింది. షెవర్లే కార్ల అమ్మకము 2017లో ఆగిపోయింది. ఫోర్డ్ కంపెనీ ఇక్కడ తయారీ ఆపుతున్నట్లు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. సర్వీసు, సామాను కొనసాగిస్తామని కూడా చెప్పింది. అటువంటి బండ్లు తక్కువ ధరకు వస్తాయి, కొన్ని చాలా మంచివి కూడా. అయితే కొనే ముందు మీకు దగ్గరలోని మెకానిక్‌ను ఒక్క మాట అడగండి: "ఈ బండి సామాను నీకు ఎన్ని రోజులలో దొరుకుతుంది?" ఆ జవాబును బట్టి ఆ బండి మీకు చవకో, ఖరీదో తెలుస్తుంది.

ఇన్నేండ్లలో నాకు అర్థమైనది ఒకటి ఉన్నది. బండి పేరు కంటే బండి యజమాని ముఖ్యము. మా సంఘములో రిటైరైన ఒక హెడ్మాస్టరు గారు తన మారుతి 800 కోసము ఒక నోటు పుస్తకము పెట్టారు. ఆయిలు మార్చిన తేది, కిలోమీటర్లు, బ్రేకులకు అయిన ఖర్చు – అన్నీ బడి రిజిస్టరులాగా గుండ్రని అక్షరాలతో వ్రాశారు. మా ఊరి ఉప్పు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. ఆయన ప్రతి వారము మంచి నీళ్లతో బండి అడుగు భాగము కడిగించేవారు. ఆ కారును మరొక విశ్వాసి కొన్నప్పుడు నోటు పుస్తకము కూడా ఇచ్చారు. బండి కంటే ఆ పుస్తకమే విలువైనదని కొన్నవాడు నాతో అన్నాడు. కొద్దిలో నమ్మకముగా ఉండుట అంటే అదే.

ఇక దుఃఖకరమైన సంగతి. 2015 డిసెంబరు మొదటి వారములో చెన్నై నగరము వరదలో మునిగినది మీకు జ్ఞాపకమే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వలన మరల మునిగినది. అటువంటి వరదలలో వేల కార్లు నీళ్లలో నిలబడిపోతాయి. కొన్నిటిని ఇన్సూరెన్సు వారు పనికిరానివిగా లెక్కగట్టి వేలము వేస్తారు. వాటిలో కొన్ని కడిగి, తుడిచి, కొత్త సీటు కవర్లు వేసి, అత్తరు వాసన కొట్టించి మళ్లీ బజారుకు వస్తాయి. నీరు ఇంజనులో కంటే వైర్లలో ఎక్కువ కీడు చేస్తుంది. ఆరు నెలలు బాగానే నడిచి, ఏడవ నెలలో దీపాలు ఆరిపోతాయి.

మా సంఘములో ఒక యౌవనస్థుడు 2016లో అలాటి బండిని తెలియక కొన్నాడు. ఏ కంపెనీదో, ఎవరి దగ్గర కొన్నాడో ఇక్కడ అవసరము లేదు. చూపుకు అద్దములా ఉన్నది. కార్తీకపు వానలలో ఒక రాత్రి నిండు చూలాలైన తన అక్కను ఆసుపత్రికి తీసుకొని పోతుండగా రహదారి మీద లైట్లతో సహా బండి చచ్చిపోయింది. వెనుక లారీలు వస్తున్నవి. దేవుని కృప వలన దారిన పోతున్న ఒక వ్యాను వారు ఆగి ఆమెను చేర్చారు. తల్లి, బిడ్డ క్షేమము. తరువాత మెకానిక్ కార్పెట్టు లేపి చూస్తే క్రింద ఎండిన ఒండ్రు మట్టి.

రెండు వారాల తరువాత ఆ తమ్ముడు నా దగ్గరకు వచ్చాడు. "అయ్యగారూ, నాయుడుపేట వైపు నుంచి ఒకాయన కొనడానికి వస్తా ఉండాడు. ఆయన కూడా విశ్వాసే. బేరము కుదరాలని ప్రార్థన చేయండి" అన్నాడు.

"చెప్పి అమ్ముతావా నాయనా, చెప్పకుండా అమ్ముతావా?" అని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. "నాకు చెప్పినోళ్లు ఎవరయ్యా?" అన్నాడు చివరికి. అతని కళ్లలో నీళ్లు తిరిగినవి. భార్య గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నవి. నెల నెలా వడ్డీ. నేను అతనిని గద్దించలేదు. సామెతలు 11వ అధ్యాయము మొదటి వచనము తెరచి అతని చేతికిచ్చాను. దొంగ త్రాసును యెహోవా అసహ్యించుకొంటాడని అక్కడ ఉన్నది. కారుకు త్రాసు లేదు. అమ్మేవాని నాలుకే త్రాసు. ఇద్దరము మోకరించాము.

కొనవచ్చిన వానికి అతడు కార్పెట్టు తానే లేపి చూపించాడు. ఆయన కృతజ్ఞతలు చెప్పి వెళ్లిపోయాడు. ఆ బండి చివరకు సామాను కోసము విప్పే వానికి, అడిగిన దానిలో సగము ధరకు పోయింది. గాజులు విడిపించడానికి ఇంకా రెండేండ్లు పట్టింది. ఆ రెండేండ్లు అతని ఇంట్లో ఇరుకుగానే గడిచినవి. దేవుడు మరుసటి నెలలోనే కొత్త కారు ఇచ్చాడని వ్రాయగలిగితే నాకు సంతోషమే గాని, అలా జరుగలేదు. జరిగినది ఇది: ఇప్పుడు మా చుట్టుప్రక్కల హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ఎవరు పాత బండి చూడబోయినా అతనిని వెంట తీసుకొని పోతారు. "ఆ పిల్లోడు అబద్ధం చెప్పడు" అంటారు. ఇంతకంటే మంచి సువార్త పత్రిక నేను అచ్చు వేయించలేను.

అతడు చూచే సంగతులు మీకూ ఉపయోగము. ఉదయము పూట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్తాడు. బానెట్టు మీద చెయ్యి పెట్టి చూస్తాడు. వేడిగా ఉంటే ముందే స్టార్టు చేసి పెట్టారన్నమాట. నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నది. తెల్ల పొగ విడువకుండా వస్తే నీరు లోపలికి పోతున్నదేమో అని అనుమానించవలెను. మీటరులో కిలోమీటర్లు తక్కువగా ఉండి పెడల్ రబ్బర్లు, స్టీరింగు అరిగిపోయి ఉంటే ఆ మీటరును నమ్మడు. కార్పెట్టు క్రింద, సీటు పట్టాల క్రింద మట్టి, తుప్పు వెదకుతాడు. సీటు బెల్టును చివరి వరకు లాగి బురద మరకలు చూస్తాడు. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ 20 శాతము వరకు కలుపుతున్నారు గనుక పాత బండ్లలో రబ్బరు పైపులు కూడా పరీక్షిస్తాడు.

కాగితముల విషయము మరువవద్దు. వేరే రాష్ట్రపు బండి అయితే అక్కడి ఆఫీసు నుండి ఎన్‌ఓసీ తీసుకోవలెను. 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకొంటే మన రాష్ట్రపు నంబరు వేయించుకొని, పన్ను కట్టవలెను. ఈ పన్నును ముందే విచారించి బండి ధరలో కలిపి లెక్క వేయండి. ఫైనాన్సు బాకీ ఉంటే తీరినట్లు కాగితము చూడండి. అమ్మినవారు కూడా పేరు మారేంతవరకు నిద్రపోవద్దు. ప్రమాదము జరిగితే రిజిస్టరులో ఎవరి పేరు ఉన్నదో వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో ఒక తీర్పులో చెప్పింది. సొంత వాడకపు తెల్ల నంబరు బండిని బాడుగకు త్రిప్పుట చట్టవిరుద్ధము. ప్రమాదము జరిగినప్పుడు ఇన్సూరెన్సు వారు చేతులెత్తవచ్చును.

ప్రియులారా, గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొంటాడని ప్రభువు లూకా 14వ అధ్యాయములో బోధించారు. కారు కొనేవాడు కూడా అలాగే కూర్చొనవలెను. కొన్న ధరతో లెక్క ముగియదు. టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్సు ఉన్నవి. పక్కింటివాడు కొన్నాడని కొనకండి. కొనేవాడు "బాగాలేదు, బాగాలేదు" అని ధర తగ్గించి, ఇంటికి పోయి గొప్పలు చెప్పుకొంటాడని సామెతలు 20వ అధ్యాయములో జ్ఞాని ఏనాడో వ్రాశాడు. కాబట్టి అబద్ధము అమ్మేవానిదే కాదు, కొనేవానిది కూడా. మంచి బండికి లేని లోపము అంటగట్టి పేదవాని దగ్గర ధర తగ్గించుట కూడా దొంగ త్రాసే.

కారు కొన్న తరువాత నన్ను పిలవండి, తప్పక వస్తాను. అయితే కొనక ముందు కూడా ప్రార్థించండి, తెలిసిన మెకానిక్‌ను తీసుకొని పోండి. అమ్మే దినము వచ్చినప్పుడు కార్పెట్టు మీరే లేపి చూపించండి. మీ బండి చేరిన ఇంటిలో కూడా ఒక చూలాలు, ఒక వృద్ధుడు, బడికి పోయే పిల్లలు ఉంటారు. వారి క్షేమము మీ నోటి మాట మీద ఆధారపడి ఉన్నది. అట్టి యథార్థతను ప్రభువు మన కుటుంబములకు అనుగ్రహించును గాక. ఆమేన్.