అవతలి గట్టు

"మీదే ఊరు?" అని ఎవరైనా అడిగితే ఈ వయసులోనూ నాకు ఒక నిమిషం నోరు పెగలదు. నాన్నది మిర్యాలగూడ వైపు పల్లె. అమ్మది మాచర్ల దగ్గర. ఆ రెండు ఊళ్లకూ నేను సెలవులకు వెళ్లిన చుట్టాన్నే. పుట్టి పెరిగింది మాత్రం నాగార్జునసాగర్ హిల్ కాలనీలో, ప్రాజెక్టు వాళ్లిచ్చిన క్వార్టర్లో. ఆ మాట చెబితే "అది డ్యాం కదండీ, అక్కడ ఊరెక్కడుంది?" అంటారు. వాళ్ల మాటలో తప్పు పట్టడానికేం లేదు. మా కాలనీలో తాతలు కట్టిన ఇల్లు ఒక్కటి లేదు. ఎవరికీ సెంటు పొలం లేదు. అమ్మవార్లు కూడా పనికొచ్చినవాళ్లు ఎవరి ఊరి నుంచి వాళ్లు మూటగట్టి తెచ్చుకున్నవాళ్లే. ఒకే వేపచెట్టు కింద మూడు జిల్లాల దేవతలు పసుపు పూసుకుని కూర్చునేవాళ్లు.

అసలు డ్యామే లేకపోతే నేను లేను. కృష్ణకు ఈవల ఒకప్పుడు నిజాం రాజ్యం, ఆవల ఇంగ్లీషువాళ్ల రాజ్యం. మా ఇళ్లలో ఏరు దాటి పిల్లనిచ్చే అలవాటు లేదు. దాటాలంటే పుట్టి ఎక్కాలి. వరదొస్తే అదీ లేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ వచ్చి శంకుస్థాపన చేసే నాటికి కూడా ఈ రెండు గట్లూ రెండు రాష్ట్రాలే. ఈవల హైదరాబాదు, ఆవల ఆంధ్ర. ఆ రెండు రాష్ట్రాలూ కలిసి మొదలుపెట్టిన పని అది. మరో పదకొండు నెలలకు రెండు గట్లూ ఆంధ్రప్రదేశ్ అయ్యాయి. నాన్న ఎడమగట్టున వర్క్‌షాపులో ఫిట్టరు. మామయ్య కుడిగట్టున రాతిపని మేస్త్రీల దగ్గర లెక్కలు రాసేవాడు. పని మీద ఇటూ అటూ తిరుగుతూ ఇద్దరికీ స్నేహం కలిసింది. మామయ్య మా నాన్నను చూసి, చెల్లెలికి సంబంధం మాట్లాడింది గుళ్లోనో పెళ్లిళ్ల పేరయ్య ఇంట్లోనో కాదు, సగం లేచిన కట్ట మీద నిలబడి. ముసలమ్మలు ఏరు దాటించడమేమిటని గొణిగారట. "ఇంకెక్కడి ఏరు, గోడ కడుతున్నాం కదా" అన్నాడట మామయ్య.

ఆ గోడను సిమెంటు కాంక్రీటుతో కాకుండా రాతితో ఎందుకు కట్టారో నాన్న వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. దేశంలో సిమెంటుకు కరువు, మనుషులకు కరువు లేదు. అదీ ఆయన సమాధానం. పాలమూరు నుంచి గుంపులు గుంపులుగా వచ్చారు. తమిళం మాట్లాడే రాతి పనివాళ్లు వచ్చారు. ఆడవాళ్లు నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని, దాని మీద బండరాళ్లూ తట్టలూ ఎత్తుకుని, కర్రల పరంజా మీద వరస తప్పకుండా పైకి నడిచేవాళ్లట. పనంతా నేను చూడలేదు. నేను పుట్టింది 1964లో. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలినప్పుడు అమ్మ నన్ను చంకనేసుకుని వెళ్లిందట. ఆ జనంలో నా కాలి పట్టా ఒకటి పోయింది. మా ఇంట్లో ఆ రోజు గురించి తలుచుకున్నప్పుడల్లా ముందు ఆ వెండి పట్టా మాటే వచ్చేది, తర్వాతే ప్రధానమంత్రి.

నాకు కళ్లకు కట్టినట్టు గుర్తున్నది ఆ తర్వాతి కాలం. గోడ లేచింది, గేట్లు ఇంకా పూర్తి కాలేదు. వానాకాలంలో నీటిమట్టం 546 అడుగులు దాటితే నది తనంత తానే గోడ మీది నుంచి దూకేది. ఎవరూ వదలక్కర్లేదు. రాత్రిళ్లు ఆ హోరుకు రేకుల కప్పు సన్నగా మోగేది. నేను ఆ హోరు వింటూనే నిద్రపోయేదాన్ని. అది ఆగిన రోజు మెలకువ వచ్చేది. 1974 నాటికి 26 గేట్లూ బిగించారు. ఒక్కొక్కటి 45 అడుగుల వెడల్పు, 44 అడుగుల ఎత్తు. అవి మూస్తే నీళ్లు 590 అడుగుల దాకా నిలుస్తాయి. నాన్న చేతుల్లో ఆ ఏళ్లంతా గ్రీజు వాసనే. అన్నం కలిపి ముద్ద పెట్టినా గ్రీజు వాసనే వచ్చేది. ఇప్పటికీ లారీల షెడ్డు పక్కనుంచి వెళితే నాకు ముందు ఆకలేస్తుంది.

ఆదివారాల్లో మామయ్య వాళ్లింటికి వెళ్లేవాళ్లం. వాళ్లది కుడిగట్టున విజయపురి సౌత్. నాన్న సైకిలు, ముందు కడ్డీ మీద నేను, వెనక అమ్మ, అమ్మ ఒళ్లో తమ్ముడు. రెండువైపులా మట్టికట్టలు కలుపుకుంటే ఆనకట్ట దాదాపు 5 కిలోమీటర్లు. ప్రాజెక్టు వాళ్ల పిల్లలమని వాచ్‌మన్ ఏమీ అనేవాడు కాదు. ఎడమచేతి వైపు లోయ, రాళ్లు, సన్నగా నది. కుడిచేతి వైపు సముద్రం. గాలి కొట్టిందంటే నాన్న సైకిలు దిగి నడిపించేవాడు. సరిగ్గా ఆ నడకలోనే నేనూ మా బావా కొట్లాడుకునేవాళ్లం. బావ మామయ్య కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. మాకు ఎదురు రావడానికి అవతలి నుంచి వచ్చేవాడు. తగాదా గేట్ల లెక్క గురించి. నేను మా వైపు నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాన్ని. వాడు వాళ్ల వైపు నుంచి మొదలుపెట్టేవాడు. నా మూడోది వాడికి ఇరవైనాలుగోది. "పదమూడో గేటు దగ్గర కలుద్దాం" అనుకుని, నేను నా పదమూడో దగ్గరా వాడు వాడి పదమూడో దగ్గరా నిలబడితే మధ్యలో ఒక్క రాతి స్తంభం అడ్డం. అరుచుకుంటే వినబడే దూరమే. అయినా ఎవరూ కదిలేవాళ్లం కాదు.

1972 చివర్లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. అటువైపు బడులు నెలల తరబడి మూతపడ్డాయి. మా బడి నడుస్తూనే ఉంది. బావ రోజూ డ్యాం దాటి వచ్చి, మా బడి గోడ మీద కూర్చుని, లోపల ఎక్కాలు అప్పజెబుతున్న నన్ను చూసి జామకాయ కొరికేవాడు. ప్రాంతాల మధ్య అన్యాయం అంటే నాకు ఎనిమిదేళ్లప్పుడు తెలిసింది అదొక్కటే.

మా కాలనీ భాష కూడా కాలనీ లాంటిదే. అన్నీ కలిపిన కంకర. ఒకే వాక్యంలో "యాడికి పోతున్నవ్" మొదలై "వెళ్లొస్తానండీ" దగ్గర తేలేది. మాచర్ల వెళితే పెద్దమ్మలు నా మాట విని "తెలంగాణ పిల్ల" అని నవ్వేవాళ్లు. మిర్యాలగూడ వైపు వెళితే మేనత్త "ఆంధ్రోళ్ల పిల్ల లెక్క మాట్లాడ్తది" అనేది. రెండుచోట్లా నవ్వకుండా నా మాట విన్నది మా కాలనీ ఒక్కటే. అక్కడ అందరి నోళ్లూ అంతే మరి. మా వరసలో ఒకవైపు మలయాళం వాళ్లు, ఇంకోవైపు గుంటూరు వాళ్లు. చేపలు తెచ్చి అమ్మేవాళ్లు విశాఖ వైపు నుంచి జలాశయం వెతుక్కుంటూ వలస వచ్చిన జాలర్లు. సంతకు చుట్టుపక్కల తండాల నుంచి లంబాడీ ఆడవాళ్లు కట్టెలూ సీతాఫలాలూ తెచ్చేవాళ్లు.

ఆ సంతలోనే ఒక ముసలమ్మ కూర్చునేది. చింతపండూ ఎండుమిరపకాయలూ అమ్మేది. ఆమె సాగర్ అనేది కాదు, నందికొండ అనేది. అమ్మ బేరం చేస్తుంటే నాతో మాట్లాడేది. ఒకసారి జలాశయం వైపు చెయ్యి చూపించి "మా ఇల్లు ఆడుంది" అంది. నీళ్లు తప్ప నాకేం కనబడలేదు. "పడవలోనా?" అని అడిగాను. ఆమె పగలబడి నవ్వి, గుప్పెడు చింతకాయలు నా గౌనులో పోసింది. నేను తెలివైన మాట అన్నానని ఇంటికి వచ్చేదాకా మురిసిపోయాను.

నీళ్ల కింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉందని బడిలో చెప్పారు. నీళ్లు రాకముందే తవ్వి, స్తూపాలూ విహారాలూ కొన్నిటిని ఎత్తి, కొండ మీదా అనుపు దగ్గరా తిరిగి పేర్చారని చెప్పారు. అనుపుకు తీసుకెళ్లారు కూడా. అక్కడ రాతిమెట్ల రంగస్థలం మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే పైమెట్టు దాకా వినిపించేది. మేం చేతులు కందిపోయేదాకా కొట్టాం. లాంచీలో నాగార్జునకొండకు వెళ్లి మ్యూజియంలో సున్నపురాతి బుద్ధుణ్ణి చూశాం. పదిహేడు వందల ఏళ్ల నాటి ఇటుకలను లెక్క తప్పకుండా పైకి తెచ్చారని మా మాస్టారు గొప్పగా చెప్పారు. సంత ముసలమ్మ ఇల్లు సంగతి ఆ పాఠంలో లేదు. అడగాలని నాకూ తోచలేదు.

అది తోచింది చాలా తర్వాత, వేరే డ్యాం దగ్గర. కట్టుబడి పని తగ్గిపోయి 1977లో నాన్నకు శ్రీశైలం ప్రాజెక్టుకు బదిలీ అయింది. ప్రాజెక్టు మనుషుల బతుకంతే. ఒక నదిని ఆపి ఇంకో చోట ఆపడానికి వెళ్లాలి. లారీలో సామాను ఎక్కించేటప్పుడు నేను ఏడవలేదు. మూడు నెలల్లో తిరిగి వస్తాం అనుకున్నాను. సున్నిపెంటలో మళ్లీ అలాంటి క్వార్టరే. అవే రేకులు, అదే ఎండ, కొత్త వాచ్‌మన్. 1981లో శ్రీశైలం ముంపు వచ్చింది. నాకు పదిహేడేళ్లు. కర్నూలు వైపు చుట్టాలింటికి వెళ్తూ బస్సులోంచి చూశాను. ఒక ఊరు ఊరంతా తమ ఇళ్లను తామే విప్పుకుంటున్నారు. దూలాలు దించుతున్నారు. గడపలు పెకలిస్తున్నారు. పసుపు బొట్లు ఇంకా ఆరని ద్వారబంధం ఒకటి బండి మీద వెల్లకిలా పడి ఉంది. బస్సులో ఎవరో "ప్రాజెక్టోళ్లు" అని బూతు తిట్టారు. నేను ఒళ్లో ఉన్న టిఫిను డబ్బా వైపు చూసుకుంటూ కూర్చున్నాను. దాని మూత మీద నాన్న పేరూ ఉద్యోగం నంబరూ చెక్కి ఉన్నాయి. వాటి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. చింతకాయల ముసలమ్మ గుర్తొచ్చింది.

అందుకే సాగర్ గురించి నేను బెంగపడుతుంటే నాలో ఒక మనిషి ఎప్పుడూ కొంచెం సిగ్గుపడుతూ ఉంటుంది. ఖాళీ చేసి వెళ్లిపోయిన క్వార్టరు కోసం నాకు ఇంత బెంగ అయితే, ఆమెకు ఎంత ఉండాలి? అయినా బెంగ న్యాయాన్యాయాలు చూసి రాదు కదా. దానికి గ్రీజు వాసన చాలు.

2014లో ఆ రెండు గట్లూ మళ్లీ రెండు రాష్ట్రాలయ్యాయి. 2023 నవంబరు చివర్లో, తెలంగాణలో ఎన్నికల రోజు తెల్లవారేసరికి, టీవీలో డ్యాం కనబడింది. ఆంధ్రా పోలీసులు వచ్చి 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. ఇటు ఒక రాష్ట్రం పోలీసులు, అటు ఇంకో రాష్ట్రం పోలీసులు, మధ్యలో చుట్టలు చుట్టలుగా కంచె. నీళ్ల వాటాల మాటలు ఏవేవో చెబుతున్నారు. టీఎంసీలు, బోర్డులు. నాకేవీ ఎక్కలేదు. నాన్న సైకిలు దిగి నడిపించిన చోటు అది. తర్వాత కొద్ది రోజులకే కాపలా కేంద్ర బలగాల చేతికి వెళ్లింది.

2024 ఆగస్టులో గేట్లు ఎత్తారని తెలిసి హైదరాబాదు నుంచి బయల్దేరాను. ఇబ్రహీంపట్నం దాటాక దారంతా కార్లే. అందరూ నీళ్లు చూడ్డానికే. ముందు హిల్ కాలనీలో ఆగాను. మా వరస ఇప్పటికీ ఉంది. మా క్వార్టరు ముందు ఇనుప గ్రిల్లు వచ్చింది, పక్కన స్కూటరు షెడ్డు. వేపచెట్టు కింద ముగ్గురు అమ్మవార్లకు ఒకే గుడి కట్టారు. పలకలు అతికించారు. తలుపు తెరిచిన అమ్మాయి లోపలికి రమ్మంది, మజ్జిగ ఇచ్చింది. గోడల మందం చూపించి "పాతకాలం కట్టుబడి ఆంటీ, ఎండాకాలం కూడా చల్లగుంటది" అంది. రేకులు పోయి స్లాబు పడింది మరి. ఆ ఇంట్లో నేను ఎంత ఉడికిపోయానో చెప్పబోయి ఊరుకున్నాను.

డ్యాం మీదికి వెళ్లనివ్వలేదు. దిగువన ఉన్న వంతెన మీద నిలబడ్డాను. తుంపర వంద గజాల దూరం నుంచే మొహాన కొడుతోంది. పక్కనే ఒక కుటుంబం మొక్కజొన్న పొత్తులు తింటూ ఫొటోలు దిగుతోంది. వాళ్ల పిల్లాడు గేట్లు లెక్కపెడుతున్నాడు. తొమ్మిది దాకా వచ్చి తెల్లటి పొగలో తప్పిపోయి మళ్లీ మొదలుపెడుతున్నాడు. వాడు ఏ వైపు నుంచి మొదలుపెడుతున్నాడో చూశాను. ఎడమ నుంచి. అంటే దిగువ నుంచి చూస్తున్నాం కాబట్టి కుడిగట్టు నుంచి. వాడికి చెబుదామనుకునేలోగా వాళ్లమ్మ లాక్కుపోయింది.

గుంటూరులో ఉన్న బావకు ఫోను చేశాను. ఇప్పుడు వాడికి మోకాళ్లు పనిచేయవు. ఎక్కడికీ రాడు. హోరులో గట్టిగా అరవాల్సి వచ్చింది.

"సాగర్లో ఉన్నాను బావా. చివరి నాలుగు తప్ప అన్నీ ఎత్తారు!"

అవతల కాసేపు మాట లేదు. లైను కట్టయిందేమోనని చూసుకున్నాను.

"చివరివంటే," అన్నాడు బావ, "మీ చివరా, మా చివరా?"