చలానాలో ఒక్క రూపాయి

"కండ్లు మూసుకున్న సారూ. ఇప్పుడు పొడువుండ్రి" అన్నాడాయన.

అప్పటికే నాలుగుసార్లు పొడిచాను. గుండుసూదితో కాలి బొటనవేలి దగ్గర మొదలుపెట్టి పాదం, పిక్క, మోకాలు, తొడ దాటుకుంటూ పైకి వస్తున్నాను. బొడ్డు దాటి రెండు వేళ్ల పైకి వచ్చాక ఉలిక్కిపడి "ఆఁ, గిప్పుడు చురుక్కుమన్నది" అన్నాడు. అక్కడ బాల్‌పెన్నుతో అడ్డంగా గీత పెట్టాను. పాతికేళ్లు తాళ్లు గీసి బతికిన మనిషి ఒంటి మీద నేను గీసిన గీత అది.

మోకు తెగి తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. ఊరివాళ్లు ప్రేమ కొద్దీ చేసిన పొరపాటు ఏమిటంటే, నలుగురు కలిసి కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారు. విరిగిన వెన్నుపూస ఆ కుదుపులకు వెన్నుపామును ఇంకెంత నలిపిందో చెప్పలేం. పరీక్షలో ఆఖరి అంకం రోగికీ వైద్యుడికీ ఇబ్బందే: మలద్వారం దగ్గర స్పర్శ ఉందా, అక్కడి కండరాన్ని తనంతట తాను బిగించగలడా అని చూడాలి. అక్కడ కాస్త ప్రాణం మిగిలినా ఆశ ఉంటుంది. ఆయనకు మిగల్లేదు.

చొక్కా సర్దుకుంటూ అడిగాడు: "కాళ్లు మల్లెప్పుడొస్తయి సారూ?"

ముప్పై ఏళ్లుగా నన్ను వందల మంది అడిగిన ప్రశ్న. అందరూ 'ఎప్పుడు' అనే అడుగుతారు, 'వస్తాయా' అని అడగరు. నా జవాబు ముప్పై ఏళ్లలో పెద్దగా మారలేదు. నలిగిపోయిన వెన్నుపామును మళ్లీ మొలిపించే మందు ఇంకా రాలేదు.

అయితే మారినదీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వెన్నుపాము దెబ్బ తిన్నవాళ్లలో చాలామంది కొన్ని నెలల్లోనే పోయేవారు. చంపింది వెన్నుపాము కాదు, పడక పుండ్లూ, మూత్రంలో చీమూ. 1944లో బ్రిటిష్ ప్రభుత్వం గాయపడిన సైనికుల కోసం స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ప్రత్యేక విభాగం తెరిచి, లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు చేతిలో పెట్టింది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, మూత్రాశయాన్ని శుభ్రంగా ఖాళీ చేయడం, కూర్చోబెట్టి పని నేర్పడం ఆయన పట్టుబట్టి చేయించారు. 1965లో ఎవరెస్టు ఎక్కి, అదే ఏడాది యుద్ధంలో తూటా తగిలి చక్రాల కుర్చీకి పరిమితమైన మేజర్ అహ్లువాలియా వైద్యం కోసం వెళ్లింది అక్కడికే. ఢిల్లీలోని ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ ఆయన పట్టుదలతోనే పుట్టింది.

గీత కార్మికుడి భార్యకు క్యాథెటర్ వేయడం నేర్పిన రోజు నాకు బాగా గుర్తు. "నాతోని అయితదా సారూ?" అని చేతులు వెనక్కి పెట్టుకుంది. సబ్బుతో చేతులు కడుక్కోవడం, గొట్టానికి జెల్లీ రాయడం, మెల్లగా లోపలికి పంపడం, చుక్క ఆగేదాకా ఆగడం, మళ్లీ కడిగి ఆరబెట్టి స్టీలు డబ్బాలో పెట్టడం. నాలుగైదు గంటలకోసారి. వారం తిరిగేసరికి మా నర్సమ్మ కంటే నేర్పుగా చేసింది. ఈ పద్ధతిని 1972లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో జాక్ లాపిడెస్ ప్రకటించారు. అప్పటిదాకా సూక్ష్మజీవి ఒక్కటీ లేని పరికరాలు, ఆసుపత్రి సిబ్బంది ఉంటేనే కుదురుతుందనుకున్న పనిని సబ్బూ నీళ్లతో ఇంట్లోనే చేయొచ్చని చూపారు. మూత్రపిండాలు పాడై చనిపోవాల్సిన ఎందరినో ఈ చవక ఉపాయం నిలబెట్టింది. పరిశోధన అనగానే మనకు చచ్చిన కాళ్లు లేచి నడవడమే కళ్ల ముందు మెదులుతుంది. ఈ స్టీలు డబ్బా కూడా పరిశోధన ఫలమే.

తప్పు అని తేల్చడమూ పరిశోధనే. నేను పీజీ చదివే రోజుల్లో వెన్నుపాము గాయంతో ఎవరైనా 8 గంటల్లోపు వస్తే మాకు పండగ. గోడ గడియారం చూసి, మనిషి బరువును కంటితో అంచనా కట్టి, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ భారీ మోతాదులో ఎక్కించేవాళ్లం. 1990లో అమెరికా ప్రభుత్వ నిధులతో జరిగిన పెద్ద అధ్యయనం మాకు ఆ ధైర్యం ఇచ్చింది. తర్వాత ఆ లెక్కలను తిరగేసి చూస్తే లాభం సన్నగా, ఇన్ఫెక్షన్లూ రక్తస్రావాల భయం లావుగా కనిపించింది. 2013లో అమెరికా న్యూరోసర్జన్ల మార్గదర్శకాలు దాన్ని వాడొద్దన్నాయి. నా చేతులతో ఎక్కించిన సీసాలు ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తొస్తాయి. ఒక మందు పనిచేస్తుందని నమ్మడానికి ఎంత డబ్బు కావాలో, పనిచేయదని ఒప్పుకోవడానికీ అంతే కావాలి. రెండో పనికి ఏ మందుల కంపెనీ పెట్టుబడి పెడుతుంది?

కోస్తా జిల్లా నుంచి వచ్చిన ఇంజినీరింగ్ కుర్రాడి సంగతి వేరు. బైకు ప్రమాదంలో మెడ దగ్గర దెబ్బ. నా దగ్గరికి వచ్చేసరికి ఏడాదిన్నర దాటింది. ఫైలు తిరగేస్తుంటే వాళ్ల నాన్న తల దించుకుని "ఎకరం అమ్మేశామండీ" అన్నారు. ఎక్కడో మూలకణాల ఇంజెక్షన్లు నాలుగు విడతలుగా చేయించారట. కుర్రాడి పిరుదు మీద అరచేయంత పుండు. ఇంజెక్షన్ల మీద పెట్టిన ధ్యాసలో నూరోవంతు పక్కకు తిప్పడం మీద పెట్టి ఉంటే ఆ పుండు వచ్చేది కాదు. రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు తప్ప మూలకణాలను మామూలు చికిత్సగా ఇవ్వకూడదని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనే చెప్పింది. పరిశోధనగా చేస్తే అనుమతులు ఉండాలి, రోగి దగ్గర పైసా తీసుకోకూడదు. ఆ తండ్రికి ఇవన్నీ ఎవరు చెప్పారు?

కుర్రాడు తెలివైనవాడు. 2018లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్ పరిశోధకులు వెన్నుపాముకు విద్యుత్ ప్రేరణ ఇచ్చి ముగ్గురిని నడిపించిన వీడియో ఫోనులో పెట్టి, కదలగలిగిన రెండు వేళ్లతో నా వైపు తిప్పాడు. "ఇది అబద్ధం కాదు కదండీ డాక్టర్ గారూ?" అబద్ధం కాదు. కానీ అక్కడిదాకా రావడానికి ఎన్నేళ్లు, ఎంత ప్రజాధనం పట్టిందో వీడియోలో కనిపించదు.

కాలిఫోర్నియా కథ వింటే అది తెలుస్తుంది. ఫుట్‌బాల్ ఆడుతూ మెడ విరిగిన రోమన్ రీడ్ అనే యువకుడి పేరు మీద 2000లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసి, వెన్నుపాము పరిశోధనకు ఏటా కొంత సొమ్ము ఇచ్చింది. ఆ డబ్బు సాయంతో అర్వైన్‌లోని విశ్వవిద్యాలయంలో ఎలుకల మీద చేసిన పని, జెరాన్ అనే కంపెనీ చేతికి వెళ్లి, 2010లో తొలిసారి ఒక మనిషికి పిండ మూలకణాల నుంచి తయారైన కణాలు ఇచ్చే దాకా వచ్చింది. ఏడాది తిరగగానే, 2011 నవంబరులో, కంపెనీ ఆపేసింది. ప్రమాదం జరిగి కాదు, డబ్బు లెక్కలు కుదరక. చివరికి 2014లో మళ్లీ రాష్ట్ర నిధులే కోటి నలభై లక్షల డాలర్లకు పైగా పెట్టి ఆ ప్రయోగాన్ని లేపి నిలబెట్టాయి. ఆ కణాలు ఇంకా మందుగా బజారులోకి రాలేదు. కంపెనీ మూడు నెలల లాభం చూసుకుంటుంది. నరం మొలవడానికి దాని లెక్క దానికుంటుంది. ఆ ఓపిక ప్రభుత్వానికే ఉండాలి.

అంత డబ్బు ఎక్కడిది అంటారు. నాకు నచ్చిన జవాబు న్యూజెర్సీది. అక్కడ ట్రాఫిక్ జరిమానా ప్రతిదాని మీదా ఒక్క డాలరు అదనంగా వేసి, ఆ సొమ్మును వెన్నుపాము పరిశోధనకు ఇస్తారు. ఎడిసన్‌లో మన తెలుగువాళ్లు వేగం మించి చలానా కట్టినా అందులో ఒక డాలరు అటే పోతుంది. న్యూయార్క్ రాష్ట్రం కూడా 1998లో జరిమానాల సర్‌చార్జి నుంచి ఏటా 85 లక్షల డాలర్ల దాకా ఇచ్చేలా చట్టం చేసింది. దాని కోసం పోరాడిన పాల్ రిక్టర్, 1973లో విధుల్లో ఉండగా తూటా తగిలి వెన్నుపాము దెబ్బతిన్న పోలీసు. తర్వాత ఖజానా ఇబ్బందుల్లో పడగానే ఆ డబ్బునే దారి మళ్లించారు, కొన్నేళ్లకు కొంత తిరిగి ఇచ్చారు. పెట్టె పెడితే చాలదు, తాళమూ వేయాలి.

మన దగ్గర 2022లో రోడ్డు ప్రమాదాలు 4,61,312, మరణాలు 1,68,491. చనిపోయినవారి లెక్క ఉంది. మెడ విరిగి మంచాన పడ్డవాళ్లు ఎందరో చెప్పే జాతీయ రిజిస్ట్రీ లేదు. 2025లో కేంద్రం తెచ్చిన నగదురహిత చికిత్స పథకం 7 రోజుల పాటు లక్షన్నర వరకు భరిస్తుంది. మంచి పథకమే, ప్రాణం నిలుపుతుంది. కానీ వెన్నుపాము గాయం కథ మొదలయ్యేదే ఎనిమిదో రోజున. తెలంగాణలో వికలాంగుల పింఛను 4,016 రూపాయలు. ఆంధ్రలో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. ఇవి బతకడానికి. ఎలా బతికించాలో తేల్చే పరిశోధనకు? దేశం మొత్తం పరిశోధనల మీద పెట్టే ఖర్చే జీడీపీలో 0.64 శాతం.

ఎవరో కనిపెడితే మనం వాడుకుంటాం కదా అని ఒక మిత్రుడు వాదించాడు. కొన్నింటిని వాడుకుంటాం. కానీ స్టీలు డబ్బాలోని గొట్టాన్ని ఎన్నిసార్లు కడిగి వాడవచ్చో, నులక మంచం మీద పుండు పడకుండా ఏం పరచాలో, పొలం గట్టు మీద చక్రాల కుర్చీ ఎలా నడవాలో, చెట్టు మీద నుంచి పడ్డవాణ్ని తలుపు చెక్క మీదైనా సరే ఎలా తరలించాలో న్యూజెర్సీ మన కోసం వెతకదు. గీత కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2024లో 'కాటమయ్య రక్షణ కవచం' కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మన సమస్యకు మనం వెతుక్కుంటే దొరుకుతుందనడానికి అదొక గుర్తు. మా గౌడన్న మాత్రం అంతకుముందే పడ్డాడు.

ఇప్పుడాయన ఇంటి ముందు చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాడు. పుండు లేదు, జ్వరం లేదు. మొన్న వచ్చినప్పుడు కూడా అదే ప్రశ్న, నవ్వుతూ: "ఏమైనా కనిపెట్టిండ్రా సారూ?"

2022లో ద్విచక్ర వాహనాల చలానా బకాయిల మీద 75 శాతం మాఫీ చేసి వసూలు చేసుకున్న తెలంగాణ ప్రభుత్వానికి, ప్రతి చలానా నుంచి ఒక్క రూపాయి పక్కన పెట్టడం బరువు కాదు. ఆ రూపాయిని ఇంకో ఖాతాకు మళ్లించకుండా చట్టం కావాలి. ఈసారి మీ ఎమ్మెల్యే ఓటడగడానికి వస్తే, రోడ్డూ డ్రైనేజీతో పాటు ఈ రూపాయి సంగతి కూడా అడగండి.