శంషాబాద్ దాటితే చెక్క నేలే!

శంషాబాద్ విమానాశ్రయంలో అర్ధరాత్రి వేళ కాసేపు నిలబడి చూశారా ఎప్పుడైనా? బేగంపేట స్థానంలో ఇది 2008 మార్చిలో మొదలైంది. అప్పట్నుంచీ దుబాయ్, దోహాల మీదుగా అమెరికా వెళ్లే మన అమ్మలు ఎందరో ఈ గుమ్మం దాటే వెళ్తున్నారు. కూతురి పురుటికో, కోడలి పురుటికో ప్రయాణం. చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు మొక్కి, వీసా రాగానే 108 పూర్తిచేసి మరీ బయల్దేరతారు. 23 కిలోల పెట్టెలు రెండు. వాటిలో గోంగూర పచ్చడి, సున్నుండలు, బాలింతకి కాయం, పసిగుడ్డుకి మెత్తని పాత చీర ముక్కలు... అన్నీ సర్దుకుంటారు. ఒక్క సంగతి మాత్రం ఎవరూ చెప్పి పంపరు. అక్కడ చాలా ఇళ్లలో నేల మన నేల కాదండీ, చెక్క!

మన చేతికి తెలిసింది షాబాదు బండ, తాండూరు నాపరాయి, మొజాయిక్. బకెట్టెడు నీళ్లు కుమ్మరించి చీపురుతో తోస్తేగాని ఇల్లు కడిగినట్టుండదు. అక్కడ దిగిన మూడోనాడు, ఇంట్లోవాళ్లు లేవకముందే ఆ పని చేద్దామని బకెట్టు ఎత్తుతారు. "అమ్మా, నీళ్లు పోయకు!" అని కూతురు కేక. అల్లుడు ఒక్క మాటా అనడు, వంగి ఆ తడిని తువ్వాలుతో అద్దుతుంటాడు. అదే ఇంకా కష్టంగా వుంటుంది. 30 ఏళ్లు సంసారం దిద్దిన మనిషికి నేల తుడవడం రాదనిపించుకోవడమంటే మాటలా! ఆ ఇబ్బంది మీకు రాకూడదనే ఈ నాలుగు ముక్కలూ.

ముందు కోఠీలో చూడండి

ప్రయాణం ముందు చీరలకీ గాజులకీ సుల్తాన్‌బజార్ ఎలాగూ వెళ్తారు. పక్కనే కోఠీ విమెన్స్ కాలేజీ. మీలో కొందరు అక్కడే చదువుకుని వుంటారు. 1800ల తొలి ఏళ్లలో కిర్క్‌పాట్రిక్ అనే బ్రిటిష్ దొర కట్టించిన రెసిడెన్సీ అది. 1949లో ఆడపిల్లల కాలేజీ అందులోకి వచ్చింది. 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ పూనుకుని ఆ పాత భవనాన్ని బాగుచేయించింది. లోపలికి వెళ్లే వీలు దొరికితే నిలువుటద్దాలూ, రంగుల పైకప్పూ చూసి వచ్చేయకండి. కిందికి కూడా చూడండి. చెక్కముక్కలు పేర్చిన నేల. దీన్నే పార్కే అంటారు.

పార్కే అంటే పొడుగు పలకలు పరవడం కాదు. చిన్న చిన్న చెక్కలని చేపముల్లులాగో, చాప అల్లికలాగో, గళ్లగళ్లుగానో అమర్చడం. ఫ్రాన్సులో వెర్సాయ్ రాజభవనంలో 1684లో పాలరాతి నేల తీసి పార్కే వేయించారు. ఎందుకో తెలుసా? పాలరాయిని రోజూ కడుగుతుంటే ఆ నీళ్లు కిందికి దిగి, నేలని మోసే దూలాలు కుళ్లిపోతున్నాయట! కడగడం మానడానికే పుట్టిన నేలని మనం కడుగుతామంటే ఎలా చెప్పండి?

రోజువారీ పని

చెక్క నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. వానాకాలంలో మీ ఇంటి తలుపు బిగుసుకుపోవడం లేదూ? అదే ఇదీను. సందుల్లోకి నీళ్లు దిగితే ముక్కల అంచులు పైకి లేస్తాయి, జిగురు వదిలేస్తుంది, నల్ల మచ్చలు పడతాయి.

అందుకని రోజూ మెత్తని చీపురుతోనో, బ్రష్ వున్న వాక్యూమ్‌తోనో దుమ్ము తీయండి. నేలని అరగదీసేది అసలు ఇసుకే. తర్వాత పొడిబట్ట చాలు. వారానికోసారి తడిబట్ట పెట్టదలిస్తే గట్టిగా, చుక్క రాలనంతగా పిండి, చెక్క చారల వెంబడి తుడిచి, వెంటనే పొడిబట్ట వేయండి. ఆవిరి మాపు వద్దు. వెనిగర్ నీళ్లు మంచివంటారు గాని, మాటిమాటికీ వాడితే పాలిష్ మెరుపు పోతుంది. కొబ్బరినూనె, వంటనూనె అసలే రాయొద్దు, జిడ్డై దుమ్ము పడుతుంది.

మన అలవాట్లు కొన్ని చెక్కకి చుట్టాలే సుమా! చెప్పులు గుమ్మం బయట విడవడం దానికెంతో మంచిది. కాళ్లు కడుక్కుని అలాగే తడికాళ్లతో నడవడమే చెరుపు. గుమ్మంలో ఒక పట్టా వేయండి. దీపం కింద ఇత్తడి పళ్లెం, పళ్లెం కింద పీట వుండాలి. ముగ్గు పళ్లెంలోనో పీట మీదో వేసుకోండి. పసుపు ఒలికితే వెంటనే పొడిగా ఎత్తేయండి. మరక మిగిలినా కంగారుపడి తోమకండి, ఎండ తగిలే చోటైతే కొన్నాళ్లకి అదే వెలిసిపోతుంది.

చలికాలంలో హీటర్ల వేడికి ముక్కల మధ్య సన్నని సందులు విచ్చుకుంటాయి. పాడైపోయిందనుకుని పూడ్పించకండి. వేసవి తేమకి మళ్లీ మూసుకుంటాయి. అప్పుడు పూడ్చినదంతా పైకి తన్నుకొస్తుంది.

పాత నేలకి కొత్త కళ

పిల్లలు పాత ఇల్లు కొంటే తివాచీ కింద అసలు ఓక్ చెక్క బయటపడటం అక్కడ మామూలే. "పీకేసి లామినేట్ వేద్దాం" అంటారు. తొందరపడొద్దని చెప్పండి. లామినేట్ పైన కనిపించేది చెక్క బొమ్మే, దాన్ని గీసి కొత్తది చేయలేం. అసలు చెక్కైతే చేయొచ్చు.

ముందు ఒక నీటిచుక్క వేసి చూడండి. ముత్యంలా నిలిస్తే పాలిష్ బతికే వుంది, శుభ్రం చేస్తే చాలు. కాసేపట్లో ఇంకి నల్లబడితే పాలిష్ అరిగిందన్నమాట. గీయించే ముందు మందం చూడాలి. నేలలో వేడిగాలి వచ్చే జాలీ ఎత్తితే చెక్క అంచు కనిపిస్తుంది. ముప్పావు అంగుళం వుంటే చాలాసార్లు గీయొచ్చు. పార్కే పలకలు కొన్ని మూడోవంతు అంగుళం కూడా వుండవు, వాటిని జాగ్రత్తగా తాకాలి.

కదిలే ముక్కలు అతికి, ముతక గరుకు కాగితంతో మొదలుపెట్టి మెల్లగా సన్నదానికి రావాలి. ఆ నేల పొట్టునే జిగురులో కలిపి, కదలని పాత కన్నాలు పూడిస్తే రంగు కలుస్తుంది. ఆ పైన మైనమో, నూనెపూతో, వార్నిషో. అవిసె నూనె వాడిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి! ఒక్కొక్కటీ విప్పి ఆరుబయట ఆరబెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యం, బాలింతా పసిబిడ్డా ఇంట్లో వుండగా ఈ పని పెట్టించొద్దు. అమెరికాలో రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇళ్లలో పాత పూతల్లో సీసం వుండొచ్చు. నేల అడుగున నల్లని జిగురు కనిపిస్తే అందులో ఆస్బెస్టాస్ వుండే అవకాశముంది. పరీక్ష చేయించకుండా గీయకూడదు. నేల ఏడాది ఆగగలదు, బిడ్డ ఊపిరితిత్తులు ఆగలేవు.

ఈ మాట మీరు చెబితే పిల్లలు వింటారు. "నీళ్లు పోయకు" అనాల్సిన అవసరం వాళ్లకి రాదు సరికదా, "అమ్మా, ఇదెలా తుడవాలి?" అని వాళ్లే మిమ్మల్ని అడుగుతారు. పెట్టెలో పచ్చడి సీసాల మధ్య రెండు మెత్తని పాత నూలుబట్టలు సర్దుకోండి. బకెట్టు సంగతి అక్కడికెళ్లాక మరిచిపోండి!