ఊరికో హోదా

పరకాల వాళ్ళను "మీది ఏ జిల్లా?" అని అడిగేముందు వాళ్ళ వయసు కనుక్కోండి. ఎనభై దాటిన పెద్దమనిషైతే ఆయన పుట్టింది కరీంనగర్ జిల్లాలో. 1953లో వరంగల్ నుంచి ఖమ్మాన్ని వేరు చేసి జిల్లా చేసినప్పుడు, పరకాల తాలూకాను కరీంనగర్ నుంచి తెచ్చి వరంగల్‌లో కలిపారు. ఆ పెద్దమనిషి కొడుకు పుట్టింది వరంగల్ జిల్లాలో. 2016 దసరా నాడు కొత్త జిల్లాలు వచ్చాక పుట్టిన మనవడిది వరంగల్ రూరల్. ఆ పిల్లాడి తర్వాత చెల్లెలు పుట్టి, ఆ పుట్టుక 2021 ఆగస్టు దాటాక అయితే, ఆమెది హనుమకొండ జిల్లా. నలుగురూ పుట్టింది ఒకే ఇంట్లో. కుంకుమేశ్వర స్వామి గుడి ఉన్నచోటే ఉంది, సంత ఉన్నచోటే ఉంది. కాగితమే మూడుసార్లు మారింది.

ఇందులో నవ్వుకోడానికి వీల్లేని సంగతి కూడా ఒకటి ఉంది. 1947 సెప్టెంబరు 2న జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద నిజాం బలగాలు కాల్పులు జరిపితే 22 మంది ప్రాణాలు పోయాయి. అప్పటికి పరకాల కరీంనగర్ జిల్లాలో ఉంది. వాళ్ళ గుర్తుగా 2003లో అమరధామం కట్టేనాటికి వరంగల్ జిల్లా. ఇప్పుడు దాన్ని చూడ్డానికి వచ్చేవాళ్ళు దిగేది హనుమకొండ జిల్లాలో. ఏ జిల్లా చరిత్ర తీసినా సగమే దొరుకుతుందని ఇక్కడి మాస్టార్లు విసుక్కుంటారంటే విసుక్కోరూ మరి!

సరే, జిల్లా గొడవ వదిలేద్దాం. అసలు పరకాల పల్లెనా, పట్నమా? ఈ ప్రశ్న నా బుర్రలో దూరడానికి కారణం కెనడా. అక్కడ ఆల్బర్టా అని ఒక రాష్ట్రం ఉంది. మన పిల్లలు చాలామంది ఉండే కాల్గరీ, ఎడ్మంటన్ దాన్లోవే. ఆ ప్రభుత్వం తన ఊళ్ళను ఎట్లా విడగొట్టుకుందో చదువుతుంటే పొద్దుపోవడం తెలియలేదు. 300 మంది ఉంటే విలేజ్ కావచ్చు. వెయ్యి మంది ఉంటే టౌన్. పదివేలు దాటితే సిటీ. వీటన్నిటికీ కింద హామ్లెట్. అంటే మన శివారు పల్లె లాంటిది, దానికి సొంత పాలకవర్గం ఉండదు, చుట్టూ ఉన్న కౌంటీయే దాని మంచిచెడ్డలు చూస్తుంది. అయిదు ఇళ్ళుండి, అందరూ పిలిచే ఒక పేరుండి, ఇక్కడి నుంచి ఇక్కడిదాకా మా ఊరు అని చెప్పుకునే హద్దుంటే హామ్లెట్ కావచ్చు. ఇళ్ళలో ఎక్కువ భాగం చిన్న స్థలాల్లో ఉండాలని ఇంకో షరతుంది. ఆ చిన్న స్థలం అంటే ఎంతనుకున్నారు? 1,850 చదరపు మీటర్ల లోపు. మన లెక్కలో రెండు వేల రెండొందల గజాలు! మన మున్సిపల్ చట్టం 75 గజాల లోపు జాగాలో ఇల్లు కట్టుకునేవాడికి అనుమతి గొడవ లేకుండా రూపాయితో నమోదు చేసుకోమంటుంది, ఏడాదికి వంద రూపాయల పన్ను చాలంటుంది. వాళ్ళ చిన్న స్థలంలో మనవాళ్ళు దాదాపు ముప్ఫై ఇళ్ళు లేపుతారు, మధ్యలో గల్లీ కూడా పెట్టకుండా.

ఇంతవరకు చదివి ఇదేదో చక్కటి మెట్ల వరుస అనుకున్నాను. జనం పెరిగిన కొద్దీ ఊరు ఒక్కో మెట్టూ ఎక్కుతుందనీ, లెక్క అంత సూటిగా ఉంటుందనీ. తర్వాత షేర్వుడ్ పార్క్ సంగతి తెలిసింది. ఎడ్మంటన్ పక్కనే ఉన్న ఈ ఊళ్ళో జనం 70 వేలు దాటారు. పెద్ద పెద్ద షాపులు, రోడ్లు, అన్నీ ఉన్నాయి. చట్టం ప్రకారం అది ఇవాళ్టికీ హామ్లెట్! స్ట్రాత్‌కోనా కౌంటీలో భాగం. ఆ కౌంటీలో పెట్రోలు శుద్ధి కర్మాగారాలున్నాయి, వాటి పన్ను దండిగా వస్తుంది. పట్టణమూ పల్లెలూ ఒకే సంసారంగా ఉండబట్టి ఆ డబ్బు అందరికీ అందుతోంది. షేర్వుడ్ పార్క్ సిటీ అయితే ఆస్తుల పంపకం మొదలవుతుంది. అందుకే 1996లో కౌంటీ మొత్తానికి ప్రత్యేక మున్సిపాలిటీ హోదా ఇచ్చి, ఊరిని ఊరిగానే ఉంచేశారు. కాల్గరీ దగ్గర కోక్రేన్ అనే ఊరుంది. 2021 లెక్కల్లో 32 వేల జనం. పదివేలు ఎప్పుడో దాటారు, అప్పటికీ టౌన్‌గానే ఉన్నారు. సిటీ కావాలంటే వాళ్ళ కౌన్సిలే అడగాలి. అడగలేదు, కాలేదు.

మన దగ్గర ఊరిని అడిగేదెవరు?

రాజ్యాంగం 74వ సవరణ మూడు రకాల పట్టణాలను చెప్పింది. పల్లె నుంచి పట్నంగా మారుతున్న చోటికి నగర పంచాయతీ, చిన్న పట్టణానికి మున్సిపాలిటీ, పెద్ద నగరానికి కార్పొరేషన్. ఏది దేన్లోకి వస్తుందో తేల్చడానికి జనాభా చూడాలి, జనసాంద్రత చూడాలి, స్థానికంగా వచ్చే ఆదాయం చూడాలి, వ్యవసాయం కాని పనుల్లో ఎంతమంది ఉన్నారో చూడాలి. చివర్లో ఇంకో ముక్క ఉంది: గవర్నర్‌కు తగినవని తోచిన ఇతర అంశాలు. ఆ ఒక్క ముక్కలో రాజకీయం మొత్తం పడుతుంది. ఎన్నికల్లో కలిసొస్తుందంటే అక్కడ పట్టణం పుడుతుంది, లేదంటే పంచాయతీ మిగులుతుంది అని జనం వెటకారమాడేది ఊరికే కాదు.

పరకాల ఈ మెట్లలో కార్పొరేషన్ తప్ప మిగతావన్నీ ఎక్కింది. గ్రామ పంచాయతీగా చాన్నాళ్ళుండి నగర పంచాయతీ అయింది. 2019లో వచ్చిన తెలంగాణ మున్సిపాలిటీల చట్టంలో ఆ మధ్య మెట్టే లేదు, నగర పంచాయతీలన్నీ మున్సిపాలిటీలయ్యాయి. ఆంధ్రాలో ఆ మెట్టు ఇంకా ఉంది. 2019కి ముందు మన మున్సిపాలిటీల్లోనూ ఆదాయాన్ని బట్టి మూడో గ్రేడు, రెండో గ్రేడు, మొదటి గ్రేడు, స్పెషల్, సెలక్షన్ అని తరగతులుండేవి, సినిమా హాల్లో నేల, బెంచీ, బాల్కనీ ఉన్నట్టు.

జనగణన వాళ్ళ లెక్క మళ్ళీ వేరు. ప్రభుత్వం పట్టణమని చెప్పకపోయినా, 5,000 జనం, చదరపు కిలోమీటరుకు 400 మంది, పనిచేసే మగవాళ్ళలో నూటికి 75 మంది వ్యవసాయేతర పనుల్లో ఉంటే వాళ్ళ పుస్తకంలో అది పట్టణమే. అట్లాంటి జనగణన పట్టణాలు దేశంలో 2001లో 1,362 ఉంటే 2011కు 3,894 అయ్యాయి. పుస్తకంలో పట్టణం, పాలన సర్పంచిది. అయితే నాకు మింగుడుపడనిది ఆ "మగవాళ్ళలో" అన్న మాట. పరకాల చుట్టూ పత్తి. కార్తీకం నుంచి పత్తి ఏరేది ఎవరు? ఆడవాళ్ళు. తెల్లారకముందే అన్నం టిఫినీలో పెట్టుకుని, ఆటోలో ఒకరి మీద ఒకరు కూర్చుని, నడుముకు చీరకొంగో పాత బస్తానో ఒడిలా కట్టుకుని సాళ్ళలోకి దిగుతారు. సాయంత్రం కాంటా పెట్టి, ఏరిన కిలోలకు కూలి లెక్కగడతారు. ఆ ఇంటి మగాయన జిన్నింగ్ మిల్లులో హమాలీ. ఆ లెక్క ప్రకారం ఆ ఇల్లు పట్నం ఇల్లు. చీకటితో లేచి చేనుకు పోయే ఆమె ఊరిని పల్లెగా నిలబెడుతోందని ఎవరూ రాసుకోరు. ఆమె ఆ తూకంలోనే లేదు.

హోదా పెరిగితే ఏమైంది అని అడిగితే ఇక్కడివాళ్ళ జవాబు ఒకటే తీరు. "బల్దియా అయినంక చెత్త బండి పొద్దుగాల్నే వస్తంది గని, కూలీ పని పోయింది" అంటారు. ఉపాధి హామీ పల్లెలకే, మున్సిపాలిటీ హద్దు దాటి లోపలికి రాదు. హద్దు రాయికి అటు చెరువు పూడిక తీసినోడికి కూలి, ఇటు వాడికి ఇంటి పన్ను నోటీసు. గ్రేటర్ వరంగల్‌లో కలిసిన 42 పల్లెల్లోనూ ఇదే పాట. రోడ్డు మీద లైట్లు వచ్చాయి, నిజమే. ఇల్లు కట్టుకుంటే ప్లాను, ఫీజు, ఇంకా ఏదో కాగితం కూడా వచ్చాయి.

దీనికంటే తక్కువ మంది గమనించే సంగతి ఓట్లది. పల్లెలో ఉన్నప్పుడు మీకు స్థానికంగా ఎన్ని ఓట్లు? వార్డు మెంబరుకు ఒకటి, సర్పంచికి ఒకటి, ఎంపీటీసీకి ఒకటి, జెడ్పీటీసీకి ఒకటి. నాలుగు! మున్సిపాలిటీ కాగానే ఒక్కటే మిగులుతుంది, అది కౌన్సిలర్‌కు. చైర్‌పర్సన్‌ను కౌన్సిలర్లు ఎన్నుకుంటారు, ఆ ఎన్నికకు ముందు వాళ్ళను ఏ రిసార్టులో దాచారో పేపర్లో చదువుకోవడమే మన పని. ఒకప్పుడు మన మున్సిపాలిటీల్లో చైర్మన్‌ను జనమే నేరుగా ఎన్నుకునేవారు, ఆ ముచ్చటా తీరిపోయింది. గ్రామ సభ కూడా అంతే. ఓటున్న ప్రతివాడూ దాన్లో సభ్యుడే, లేచి సర్పంచిని నిలదీయొచ్చు. పట్నంలో దానికి బదులు వార్డు కమిటీలున్నాయి. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో ఒకసారి చెప్పండి చూద్దాం. నాకు మా వార్డు సంగతే సరిగ్గా తెలియదు.

అందుకే 2018 నాటి పంచాయతీరాజ్ చట్టంలో ఒక్క పని నాకు నచ్చింది. 500 జనం దాటిన తండాలను, గూడేలను విడి గ్రామ పంచాయతీలు చేశారు. అప్పటిదాకా 8,368 ఉన్న పంచాయతీలకు 4,383 కొత్తవి తోడై 12,751 అయ్యాయి. పెద్దూరి సర్పంచి ఇంటి ముందు నిలబడి బోరింగు కోసం బతిమాలుకున్న తండా మనిషి ఇవాళ తానే చెక్కు మీద సంతకం పెడుతున్నాడు. "మా తండాలో మా రాజ్యం" అని ఎన్నాళ్ళ నుంచో అడిగిన మాట అది. డబ్బులు చాలక ట్రాక్టరు కిస్తీలు కట్టలేక అవస్థ పడుతున్న పంచాయతీలున్నాయి, కాదనను. ఆల్బర్టాలో సరిగ్గా తలకిందులు: ఇంటి పన్ను చాలక, నడపలేక, చిన్న విలేజ్‌లు ఓటు వేసి మరీ తమను రద్దు చేసుకుని హామ్లెట్లుగా కౌంటీలో కలిసిపోతున్నాయి. వాళ్ళకు ఖర్చు బరువైంది. మనవాళ్ళకు పరాయి పెత్తనం బరువైంది. రెంటికీ న్యాయముంది.

ఏ గూట్లోనూ పట్టని ఊళ్ళు రెండు చోట్లా ఉన్నాయి. ఆల్బర్టాలో నేషనల్ పార్కుల వంటి చోట్ల కొంత ప్రాంతాన్ని రాష్ట్ర ప్రభుత్వమే ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ పేరుతో నడిపిస్తుంది. మన మందమర్రి, మణుగూరు చూడండి. రెండూ బొగ్గు బావుల పట్టణాలు, పేరుకు మున్సిపాలిటీలు. షెడ్యూల్డు ప్రాంతం కాబట్టి రాజ్యాంగంలోని మున్సిపాలిటీల భాగం వాటికి నేరుగా వర్తించదు. ఆ చిక్కుముడి వల్ల కౌన్సిల్ ఎన్నికలు లేక, ఏళ్ళ తరబడి అధికారుల పాలనే. అక్కడ ఆ ఒక్క ఓటూ లేదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఇంకో లోకం, చుట్టూ మహానగరం, లోపల కేంద్ర రక్షణశాఖ కింద బోర్డు. ఇక రెవెన్యూ రికార్డుల్లో బేచిరాగ్ గ్రామాలని ఉంటాయి. పేరుంది, సర్వే నంబర్లున్నాయి, పహాణీ ఉంది, ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. ఊరు కావడానికి మనుషులు తప్పనిసరి కాదని మన రెవెన్యూ శాఖ ఏనాడో తేల్చేసింది.

పేర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ఎమ్మార్వో పోయి మళ్ళీ తహసీల్దార్ వచ్చాడు. అయినా పరకాలలో ఆటో ఎక్కి "తహసీల్దార్ కార్యాలయం" అంటే డ్రైవరు ఒక్క క్షణం ఆలోచిస్తాడు, "ఎమ్మార్వో ఆఫీస్" అంటే బండి కదులుతుంది. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ని గిర్దావర్ అనడం ఇంకా పోలేదు. నిజాం సుబేదారు పోయినా హనుమకొండలో సుబేదారి అన్న పేరు పోలేదు. పరకాల ఇప్పుడు రెవెన్యూ డివిజన్ కేంద్రం, ఆర్డీవో ఆఫీసుంది. పొరుగునున్న మొగుళ్ళపల్లి, చిట్యాల మండలాలు భూపాలపల్లి జిల్లాకు పోయాయి, ఇటు నడికూడ విడి మండలమైంది. భూపాలపల్లికి జిల్లా వచ్చి మనకెందుకు రాలేదన్న గుర్రు హోటల్లో చాయ్ దగ్గర రోజూ వినిపించేదే. వస్తే మాత్రం పెద్దమనిషి ఇంట్లో అయిదో జిల్లా అవుతుంది.

మీరు ఏ ఊళ్ళో కూర్చుని ఇది చదువుతున్నారో గానీ, బీరువాలోంచి పాత ఇంటి పన్ను రసీదులు ఒకసారి తీయండి. పంచాయతీ ముద్ర ఏ ఏడాదిదాకా ఉంది, మున్సిపాలిటీ ముద్ర ఎప్పుడు పడింది, ఆ రెండు రసీదుల మధ్య రూపాయలు ఎంత పెరిగాయి? ఆ ఏడాది మీ ఊరిని ఎవరైనా అడిగారేమో ఇంట్లో పెద్దవాళ్ళకు గుర్తుండొచ్చు.